పాపాల బండి

మా ఊళ్లో పాపాలకు ఒక బండి ఉండేది. ఎరువు తోలే బండ్లు, గడ్డి తోలే బండ్లు ఇంటికొకటి ఉండేవి. పాపాలు తోలే బండి మాత్రం ఊరంతటికీ ఒక్కటే. దాన్ని తోలింది మా మేనత్త. ఊరు ఆమెను బండత్త అనేది. వరసకు మామలైన ముసలివాళ్లు కూడా బండత్త అనే పిలిచేవారు.

ఆ బండి ఎందుకు పుట్టిందో చెప్పాలంటే ముందు ఊరెలా పుట్టిందో చెప్పాలి. సొంత నేల లేని కొద్ది కుటుంబాలను వెంటబెట్టుకుని ఒక ముసలి ఫాదర్ గారు ఇక్కడికి వచ్చారు. ఇక్కడ ఒక వాగు ఉంది. ఇవతల రాతినేల, అవతల నల్లమట్టి. గుడికి పునాది గట్టిగా ఉండాలని ఫాదర్ గారు పట్టుబట్టారు. గింజకు నేల మెత్తగా ఉండాలని మా పెద్దలు పట్టుబట్టారు. ఇద్దరూ నెగ్గారు. గుడి, దాని చుట్టూ ఇళ్లు రాతి మీద లేచాయి. పొలాలు వాగవతల పడ్డాయి. అప్పటినుంచి మా ఊరి చరిత్ర అంటే వాగు దాటడమే. మా వాళ్లు ఇవతల పుట్టి, అవతల పెరిగి, ముసలితనంలో మళ్లీ ఇవతలికి వచ్చి కూర్చునేవారు.

మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. కోతలకే చిక్కొచ్చేది. కోతల్లో ఊరు ఊరంతా అవతల పాకల్లోనే కాపురం. ఏసు తిరిగి లేచిన పాస్కా పండుగ సరిగ్గా ఆ రోజుల్లోనే పడేది. పండుగలోపు ప్రతి మనిషీ ఫాదర్ గారు కూర్చునే చెక్కపెట్టె పక్కన మోకాళ్లూని, ఏడాది పాపాలు దాని జాలీలోంచి ఆయన చెవిలో చెప్పుకోవాలి. దాన్ని పాపసంకీర్తనం అంటారు. విన్నది ఆయన కుత్తుక కోసినా బయటపెట్టకూడదు. ఫాదర్ గారేమో గుళ్లో తన పెట్టెలో కూర్చుని ఈగలు తోలుకునేవారు. జనమేమో పొలంలో కొత్త పాపాలు చేసుకుంటూ ఉండేవారు.

చివరికి ఆయన మా తాతను పిలిపించారు. తాత బండ్లు చేసే వడ్రంగి. పాపసంకీర్తనం పెట్టెకు చక్రాలు పెట్టగలవా అని ఫాదర్ గారు అడిగారట. పెట్టెకు చక్రాలు పెట్టలేను గానీ చక్రాలకు పెట్టె పెట్టగలను, అన్నాడట తాత.

అన్నట్టే చేశాడు. ముందు చక్రాలు చేశాడు. తుమ్మ దుంగను ఏడాది పైగా నీడలో ఆరబెట్టి చక్రం ఆకులు చెక్కాడు. ఇనప పట్టా ఎర్రగా కాల్చి చుట్టూ తొడిగి నీళ్లు పోస్తే, చక్రమంతా ఒక్కసారి మూలిగి బిగుసుకుందట. ఆ మూలుగు వింటే చాలు, చక్రం ఎన్నేళ్లుంటుందో చెప్పొచ్చని తాత అనేవాడు. తర్వాత పైన పెట్టె కట్టాడు. ఫాదర్ గారి పీట సరిగ్గా ఇరుసు మీదికి వచ్చింది, అందుకే గతుకుల్లో ఆయన నడుముకు దెబ్బ తగిలేది కాదు. కుడిపక్క జాలీ, దాని కింద మోకాళ్లూనే పలక. పాపం చెప్పే మనిషి ఎక్కగానే బండి అటు ఒరుగుతుంది గనక ఎడమపక్క ఇసుక మూట వేలాడదీశాడు. మా ఊరి మొదటి లావుపాటి పాపి ఎక్కినప్పుడు రెండో మూట కావలసి వచ్చింది.

ఇంతా చేశాక ఎవరూ ఆలోచించని సంగతి ఒకటి బయటపడింది. ఎద్దులను పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషికి చెవులుంటాయి. తాత చెవుల్లో దూది పెట్టుకుని చూశాడు. పాపాలు వినపడలేదు నిజమే, ఫాదర్ గారు పద పదమని అరిచినా వినపడలేదు. అప్పుడు ఫాదర్ గారే ఉపాయం చెప్పారు. పాపసంకీర్తనం సాగినంతసేపూ బండి తోలేవాడు గొంతెత్తి మరియమాత పాట పాడాలి. పాడే నోటికి పక్కనున్న చెవి వినదు. పాట కూడా ఆయనే కట్టిచ్చారు. "తల్లీ రావే, మా చేను చూడవే" అని మొదలవుతుంది. విత్తనానికి ఒక చరణం, వానకు ఒకటి, కలుపుకు ఒకటి, కోతకు ఒకటి, అలా సాగుతుంది.

తాత తర్వాత బండి మా అత్తకు వచ్చింది. ఊరికే రాలేదు. చిన్నప్పటినుంచీ ఉలి ఎప్పుడు అందించాలో, సుత్తి ఎప్పుడు అందించాలో తాత అడగకుండానే ఆమెకు తెలిసేది. పెళ్లి సంబంధాలు వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ల బండి కిందా అత్త దూరి చూసేది. బయటికి వచ్చి చెయ్యి తుడుచుకుంటూ, "ఇరుసుకు కందెన పెట్టనివాడు పెళ్లానికేం పెడతాడు?" అనేది. ఒకాయన మరుసటి వారం కందెన దట్టంగా పూసుకుని మళ్లీ వచ్చాడు. చక్రం ఊడకుండా పెట్టే చీల వంకర ఉందని పంపించేసింది. తాత నవ్వీ నవ్వీ, చివరికి పొలం కొడుక్కీ, బండి, ఎద్దుల జత కూతురికీ రాశాడు. ఆ కొడుకే మా నాన్న. కోతలయ్యాక ఇంటింటి నుంచీ ఒక గంప ధాన్యం అత్తకు వచ్చేది. ఎవరి చెయ్యీ చూడకుండా, తన గదిలో తాను, తన పొయ్యి మీద తాను వండుకుని తినేది.

గొంతు విషయానికొస్తే, అదీ దేవుడిచ్చిందే. ఇచ్చేటప్పుడు ఆయన వేరే పనిలో ఉన్నట్టున్నాడు. ఆమె పాట ఎత్తుకుంటే పిట్టలు పక్క పొలానికి మారేవి. తల్లి మరియమ్మ ఓర్పు గలది గనక సరిపోయింది అనుకునేవారు జనం.

అయితే ఆ పాటతో ఊరికొక వినోదం దొరికింది. పాట ఎంత పొడుగైతే పాపం అంత పెద్దదన్నమాట. పలక మీద ఎవరున్నారో తెలుసు, అత్త ఏ చరణంలో ఉందో పొలమంతా వినపడుతుంది. విత్తనం చరణంలోనే దిగిపోతే బుద్ధిమంతుడు. వాన చరణం దాటితే కొడవళ్లు నెమ్మదించేవి. కలుపులోకి వచ్చిందంటే ఆడవాళ్లు నడుములు ఎత్తి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. కోత కూడా అయిపోయి అత్త పాట మళ్లీ మొదలుపెడితే, ఆ మనిషి దిగి ఏడాదైనా ఆ మాట వదిలేవారు కాదు. మా నాన్నకు ఒకసారి అలా రెండోసారి విత్తనం దాకా వచ్చింది. మొత్తం నత్తివల్లే ఆలస్యమైందని ఆయన చచ్చేదాకా చెప్పాడు. ఆయనకు నత్తి ఉన్నట్టు మేమెవరమూ ఎరగం.

ఇలా సాగుతుండగా పాత ఫాదర్ గారూ, ఆయన తర్వాత వచ్చినవారూ పోయి, వయసులో చిన్నాయన ఒకరు వచ్చారు. ఊరు ఆయన్ని చిన్నఫాదర్ అంది. మంచి మనిషి. వచ్చిన వారంలోనే కొడవలి పట్టి వేలు కోసుకున్నారు. ఆ మొదటి కోతల్లో రెండు రోజులు బండిలో కూర్చున్నాక ఆయనకు అసలు సంగతి అర్థమైంది. జనం పాపాలను పనలు కట్టినట్టు కట్టి విసిరేస్తున్నారు. విత్తనం చరణంలో దిగిపోవాలని ఒకటే తొందర. ఒక ముసలమ్మ కొడుకు మీద బెంగ చెప్పుకుంటూ సగంలో ఆపేసి, వాన వచ్చేసింది ఫాదర్ గారూ, ఇక దిగుతానని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆయనకు ఆ రాత్రి అన్నం సయించలేదట.

మర్నాడు పొద్దున్నే అత్త దగ్గరికి వచ్చి, ఇక పాట వద్దన్నారు. ఎద్దులను ఆపి, ఎప్పటిలాగే చక్రానికి రాయి అడ్డం పెట్టి, మాట వినపడనంత దూరంలో గట్టు మీద నిలబడితే చాలన్నారు. అలా కుదిరితే సరే, కుదరక ఏదైనా రభస జరిగితే మాత్రం బండిని కొట్టంలో పెట్టించి, పాపసంకీర్తనం గుళ్లోనే జరిపిస్తానన్నారు. బిషప్ గారు కూడా ఈ బండి సంగతి విని మొహం అదోలా పెట్టారట.

అత్త పాట పోయినందుకు బాధపడలేదు. బండి పోతుందేమోనని బాధపడింది. ఎందుకంటే ఆ పక్కనే మా నాన్న నిలబడి చక్రాల వంక చూస్తున్నాడు. ఆయన గడ్డిబండికి చక్రాలు వదులైపోయి, నడిస్తే గుడి గంటల్లా మోగుతున్నాయి. తాత చేసిన ఆ చక్రాల మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను. అక్కా, బండి కొట్టంలో ఉంటే చెదలు పడుతుంది, నువ్వు మా ఇంట్లోనే ఉండొచ్చు, నీ మరదలికి వంటలో తోడుంటావు, అన్నాడు ఎంతో ప్రేమగా. అత్త ఆయన వంక చూసి, "మీ ఆవిడ వంట నువ్వే తినలేకపోతున్నావు, నన్నెందుకురా లాగుతావు?" అంది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే సాగింది. పొద్దున పలక ఎక్కినవాళ్లు అందరూ పొట్టివాళ్లు, అంటే పొట్టి పాపాలవాళ్లు. ఎద్దులు కదిలేలోపే దిగిపోయారు. అత్త గట్టు మీద నిలబడి, నోటికి పని లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు మెలిపెడుతూ ఉంది.

ఎండ దిగేవేళ నీటిపెద్ద వచ్చాడు. కాలవ నీళ్లు ఏ పొలానికి ఎప్పుడు వదలాలో నిర్ణయించేది ఆయనే. పిల్లికి బిచ్చం పెట్టడు. ఆయన పొలం ఎప్పుడూ పచ్చగా, చివరి పొలాలు ఎప్పుడూ నెర్రెలుగా ఎందుకుంటాయో ఊరికి అనుమానం ఉంది గానీ నోరు లేదు. ఏటా ఆయన విత్తనం చరణం సగంలోనే దిగిపోయేవాడు. ఈసారి పాట లేదు కదా, కొలిచేవాడు లేడు కదా అనుకున్నాడో ఏమో, పలక మీద మోకాళ్లు ఊని, తువ్వాలు సర్దుకుని, నింపాదిగా మొదలుపెట్టాడు.

కాసేపటికి ఎర్రెద్దు తోక విదిల్చింది. మచ్చెద్దు తల ఎత్తింది. రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తర్వాత చాలా మర్యాదగా, ఎవరో పిలిచినట్టు, నడవడం మొదలుపెట్టాయి.

చక్రం రాయిని ఎక్కి దిగింది. అన్నేళ్లూ ఆ రాయి ఉత్తపుణ్యానికి కూర్చుందని అప్పుడు తెలిసింది. అత్త గట్టు మీదినుంచి "ఓహో, ఓహో" అంది. ఎద్దులు వినిపించుకోలేదు. చేను వాగు వైపు పల్లంగా ఉంటుంది. అవి దాహం మీద ఉన్నాయి. పల్లం, దాహం కలిసేసరికి నడక పరుగైంది.

పెట్టెలోంచి చిన్నఫాదర్ గారి గొంతు, ఏమైందమ్మా, ఏమైందమ్మా అని వినిపించింది. ఆయన దూకొచ్చు. కానీ ఎదుట మనిషి పాపం చెబుతుండగా ఫాదర్ లేచిపోతే ఎలా? నీటిపెద్ద దూకొచ్చు. కానీ ఆయన రెండు చేతులతో జాలీని పట్టుకుని వేలాడుతున్నాడు, వదిలితే చక్రం కిందికి వెళతాడు. వాగు గట్టున బండరాళ్లున్నాయి. బండి వాటికి తగిలితే చక్రాలు, మనుషులు, బిషప్ గారి మొహం, ఏదీ మిగలదు.

నీటిపెద్దకు చావు కళ్లముందు కనిపించింది కాబోలు, ఒక్కసారిగా బావురుమని పాపాలన్నీ పెద్దగొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన నోరు తెరవడం పొలమంతా చూసింది. కాలవ అన్న మాట వరకు కొందరికి వినపడింది కూడా.

అత్త పరిగెత్తుతోంది. చీర ఎగదోపి, కొంగు నోట్లో పెట్టుకుని, కోసిన చేలో మిగిలిన కొయ్యకాళ్ల మీద గంతులేస్తూ పరిగెత్తుతోంది. పరిగెత్తుతూనే ఆమె బుర్ర పని చేసింది. ఇన్నేళ్లలో ఈ జత పాపసంకీర్తనం మధ్యలో ఎప్పుడూ కదల్లేదు. ఎప్పుడు కదల్లేదు? తను పాడుతున్నప్పుడు. పాట ఆపి బండి నొగ ఎక్కగానే కదిలేవి. పాట ఉంటే నిలబడాలి, లేకపోతే నడవాలి. తను నేర్పలేదు, అవే నేర్చుకున్నాయి. ఆమె నోరు తెరిచి "తల్లీ" అంది. ఊపిరి లేదు. అందులో సగం దగ్గు. అయినా ఎర్రెద్దు చెవి వెనక్కి తిరిగింది.

పక్క చేలో మా నాన్న కొడవలి పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"పాడరా తమ్ముడూ," అంది అత్త రొప్పుతూ.

"ఇప్పుడా అక్కా?"

"నీకు చక్రాలు కావాలా వద్దా?"

మా నాన్న ఆ క్షణంలో ఎత్తుకున్న పాట ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆయన వెనక మా అమ్మ ఎత్తుకుంది. ఆ వెనక కుప్ప మీదున్నవాళ్లు, కళ్లంలో ఉన్నవాళ్లు, పాకల్లో పిల్లలకు పాలిస్తున్నవాళ్లు. అందరికీ పాట వచ్చు. ఇన్నేళ్లుగా ఇతరుల పాపాల పొడుగు కొలుస్తూ కొలుస్తూ ప్రతి అక్షరం నోటికి వచ్చేసింది. ఒకరు విత్తనం పాడుతుంటే ఇంకొకరు కోత పాడుతున్నారు. శ్రుతి లేదు, లయ లేదు, చరణాల వరస లేదు. కానీ పొలం ఈ చివరినుంచి ఆ చివరిదాకా "తల్లీ రావే" అని మారుమోగిపోయింది.

ఎద్దులు వాగులో దిగాయి. నీళ్లు ఇరుసు దాకా వచ్చాయి. అక్కడ, బండరాళ్లకు బారెడు దూరంలో, రెండూ ఆగిపోయాయి. తలలు వంచి నీళ్లు తాగడం మొదలుపెట్టాయి.

పాట మాత్రం ఆగలేదు. ఆపితే ఎద్దులు మళ్లీ కదులుతాయని భయం. జనం పాడుతూనే గట్టుకు వచ్చారు, పాడుతూనే నీళ్లలోకి దిగారు. జాలీకి వేలాడుతూ నీటిపెద్ద ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఆయన పెదవులు కదలడం, చేతులు ఊపడం అందరూ చూశారు, ఒక్క మాటా ఎవరికీ వినపడలేదు. ఊరు మొత్తం వినాలని ఏళ్ల తరబడి చెవులు నిక్కించిన ఒకే ఒక్క పాపాన్ని ఊరే నోరారా పాడి ముంచేసింది. మా నాన్న అది తలుచుకుని తల బాదుకునేవాడు.

చిన్నఫాదర్ గారు అంతా విన్నారు. అంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది, ఎగిరిన నీళ్లకు జుట్టు మీద నాచు పడింది. అయినా చెయ్యి ఎత్తి, నిదానంగా, ఒక్క మాట కూడా మింగకుండా పాపవిమోచన ప్రార్థన పూర్తి చేశారు. నీటిపెద్ద ఆమెన్ అని పలక మీదినుంచి జారి నీళ్లలో కూర్చున్నాడు. మర్నాటినుంచి కాలవ నీళ్లు చివరి పొలాల దాకా రావడం మొదలైంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం కొన్నాళ్లు ఎదురుపడ్డవాళ్లనల్లా పక్కకు పిలిచి, ఆ రోజు నీకేమైనా వినపడిందా అని అడిగేవాడు. మేం పాడుతున్నాం మామా, అనేవాళ్లు.

బండిని బయటికి లాగారు. అత్త ముందు ఎద్దుల కాళ్లు తడిమి చూసింది, తర్వాత చక్రాల చుట్టూ తిరిగి ఒక్కొక్క ఆకునూ వేలితో కొట్టి విన్నది. అన్నీ గట్టిగానే పలికాయి. అప్పుడు ఫాదర్ గారి ముందు తల వంచుకుని నిలబడింది. రభస జరగకూడదన్నారు. ఇంతకంటే పెద్ద రభస ఈ ఊళ్లో జరగలేదు. మా నాన్న అప్పటికే తడిసిన చక్రాలను తన తువ్వాలుతో తుడుస్తున్నాడు.

చిన్నఫాదర్ గారు తల వంచి అంగీ పిండుకుంటున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారని మా అమ్మ కంగారు పడిందట. ఆయన నవ్వుతున్నారు. నవ్వాపుకోలేక వాగు గట్టున చతికిలబడ్డారు. అది చూసి మొదట పిల్లలు, తర్వాత పెద్దలు, చివరికి నీటిపెద్ద కూడా నవ్వాడు.

"ఎవరు ఎంతసేపు పాపాలు చెప్పుకున్నారో తెలియకూడదు, అంతే కదమ్మా నాకు కావలసింది," అన్నారు ఆయన కళ్లు తుడుచుకుంటూ. "అయితే మీరొక్కరే ఎందుకు పాడాలి? బండి చేలోకి వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా అందరూ పాడండి. ఆపకుండా పాడండి. అప్పుడు ఎవరి పాపం ఎంత పొడుగో ఎవడు కొలుస్తాడు?"

"మరి బండి, ఫాదర్ గారూ?" అన్నాడు మా నాన్న, తువ్వాలు చేతిలోనే ఉంది.

"మీ అక్క తోలుతుంది. మీ గడ్డిబండికి చక్రాలు మీరు చేయించుకోండి."

 అత్త ఎద్దులను మళ్లించి బండిని చేలోకి తోలుకొచ్చింది. ఫాదర్ గారి అంగీని కుప్ప మీద ఆరేశారు. మా నాన్న చొక్కా ఆయనకు ఇచ్చారు, అది మోకాళ్ల దాకా వచ్చింది. ఆ చొక్కా మీదే, పాపాలు వినేటప్పుడు వేసుకునే ఊదారంగు పట్టీ మెడలో వేసుకుని ఆయన మళ్లీ పెట్టెలో కూర్చున్నారు. జనం కొడవళ్లు అందుకుని పాట అందుకున్నారు.

అప్పుడు అత్త పగ్గాలు మా అమ్మ చేతికిచ్చింది. ఆ బండిలో అత్త ఎప్పుడూ మోకాళ్లూనలేదు. ఆమె పలక మీద ఉంటే పాడేదెవరు? కోతలన్నీ అయ్యాక, గుళ్లో, అందరి వెనకా, ఖాళీ బెంచీల మధ్య చెప్పుకునేది. ఇప్పుడు పొలమంతా పాడుతోంది. ఆమె చీర సర్దుకుని పలక ఎక్కింది.

దిగలేదు. చాలాసేపు దిగలేదు. ఎన్ని చరణాలు అయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేకపోయారు, ఎవరి చరణం వాళ్లది. ఊరంతా కుతూహలంతో చచ్చిపోతూ, గొంతులు ఎండిపోయి బొంగురుపోతున్నా, పాడుతూనే ఉంది. ఎద్దులు కళ్లు మూసుకుని నెమరు వేస్తున్నాయి.

పొద్దు గూకే వేళకు అత్త దిగింది. మోకాళ్లు దులుపుకుంది. మా అమ్మ దగ్గర పగ్గాలు తీసుకుని, వరసలో తర్వాత నిలబడ్డ, నిన్న కళ్లు తుడుచుకుంటూ సగంలో దిగిపోయిన ముసలమ్మ చెయ్యి పట్టుకుని పైకెక్కించింది.

"చూసుకుని ఎక్కు పెద్దమ్మా, పలక తడిగా ఉంది. తొందరేం లేదు, బెంగంతా చెప్పుకుని నింపాదిగా దిగు."